మెడ దాకా మా అమ్మ

మా అమ్మకి ఫోటో లేదు. నాకు మూడేళ్ళప్పుడే పోయింది. నాకు తెలిసిన అమ్మ మొహమల్లా మా అప్ప, అంటే అక్క, గీసిందే. అప్ప నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్దది. పెన్సిలు పట్టిందంటే నిమిషంలో ఆ మొహం కాగితం మీదకి దిగిపోయేది. "అచ్చం మీయమ్మే!" అని ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకునేవారు.

డెబ్బైల చివర్లో, నాన్న పోర్టులో కలాసీగా ఉన్నప్పుడు, అప్ప ఒక బొమ్మల కథ గీసింది. దొంగల పడవల్ని తరిమికొట్టే ఒక ఆడమనిషి కథ. ఆమెకి అమ్మ మొహం పెట్టింది. చీర గోచీ పోసి, కొంగు నడుముకి బిగించి, చేతికి కత్తి ఇచ్చింది. నాట్లకి దిగేటప్పుడు అమ్మ అలాగే కట్టేదట.

పాతూర్లో బొమ్మల పుస్తకాలు అచ్చేసే ప్రెస్సు ఒకటుండేది. ఇద్దరం పట్టుకెళ్ళాం. ప్రెస్సాయన కాగితాలు తిరగేసి, "గీత బాగుందమ్మా. కానీ ఈ కట్టేటి? నడుం సన్నం సెయ్యి, జాకెట్టు బిగించు. నేపోతే ఎవుడు కొంటాడు?" అన్నాడు.

అప్పకి చర్రున మండింది. "మీ పుస్తకాల్లో మగోడికైతే మోకాళ్ళ దాకా కవచం ఏయించారు కదండీ! ఆడదానికి రెండు గుడ్డపీలికలేటి? అలాగుంటే అది కత్తి తిప్పుతాదా, గుడ్డ సర్దుకుంటాదా?"

"బొమ్మకి సిగ్గేటమ్మా?"

"సూసినోడికి ఉండాలండి."

ఆయన నవ్వేశాడు. ఇష్టం లేకపోతే తీసుకుపొమ్మన్నాడు. ఉంచితే మాత్రం తమ ఆర్టిస్టు కాస్త మారుస్తాడన్నాడు. అప్ప కాగితాలు సర్దేసుకుంటోంది. నేనే చెయ్యి పట్టుకుని వేలాడాను. "ఉంచీయే అప్పా! అమ్మ పుస్తకంలో పడతాదే!" పన్నెండేళ్ళదాన్ని, ఏం తెలిసి ఏడ్చింది నాకు? అప్ప నా మొహం చూసి, కాగితాలు మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

రెండు నెలలకి ఆ పుస్తకం గాజువాక బస్టాపు దగ్గర బడ్డీలో వేలాడింది. అట్ట మీద అమ్మ మొహం చెక్కు చెదరలేదు. మెడ కింద మాత్రం అమ్మ కాదు. అక్కడ నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్ళు దాన్ని చూసి అన్న మాట నేను రాయను. డ్యూటీ దిగి వస్తున్న నాన్న ఆ మాట విన్నాడు, అట్ట కూడా చూశాడు. ఉన్న మూడు పుస్తకాలూ కొని చొక్కా లోపల దోపుకుని ఇంటికొచ్చాడు.

గడ్డం గీసుకునే బ్లేడుతో ఒక పుస్తకం అట్ట మీది బొమ్మని మెడ దగ్గరికి కోసి, ఆ మొహాన్ని తెల్లటి అట్టముక్కకి అంటించాడు. "మిగతాది నువ్వు గియ్యమ్మా. మీయమ్మకి సీర కట్టు" అన్నాడు అప్పతో.

అప్ప పెన్సిలు పట్టుకుని కూర్చుంది. మెడ దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ ఆగింది. "నా వల్ల కాదు నాన్నా, ఆ బొమ్మే కనపడతంది" అని బావురుమంది. ఆ తర్వాత అప్ప పెన్సిలు ముట్టలేదు, ముగ్గు కూడా నా చేతే వేయించేది. ఉంచీయమన్న నోరు నాది, దానికి నన్నెవరూ ఏమీ అనలేదు.

నాన్న పోయాక ఆ అట్టముక్క నా దగ్గరికొచ్చింది. మెడ కింద ఇంకా తెల్లగానే ఉంది. అప్ప మా ఇంటికొస్తే ముందు దాన్ని గోడవైపు తిప్పేస్తుంది. తను వెళ్ళాక నేను మళ్ళీ ఇటు తిప్పుకుంటాను. తనకి అమ్మ గుర్తుంది. నాకు అదొక్కటే ఉంది.