పక్కింటాయన పార

ఆష్‌బర్న్‌లో మా పక్కింటాయన రిటైరైన డాక్టరు, ఎప్పుడో గుంటూరు నుంచి వచ్చి స్థిరపడినవారు. ఎవరింటి ముందు సైడ్‌వాక్ మీది మంచు వాళ్లే తీయాలని అక్కడి రూలు. ఆయన మాత్రం తన హద్దు దాటి, మా వైపు సరిగ్గా ఒక పార వెడల్పు శుభ్రం చేసి, పారని రెండుసార్లు నేలకేసి కొట్టి లోపలికి వెళ్లేవారు. ఆ చప్పుడు వింటే నాకు ఒళ్లు మండేది.

ఆ ఒక్క పార వెడల్పుకే వీధంతా ఆయనకి మంచి పేరు. మా ఆవిడైతే నాకు మగ్గులో పోసిచ్చే కాఫీని ఆయనకి స్టీలు గ్లాసులో నురగతో పట్టుకెళ్లేది.

ఆయన్ని మించాలని ఒకరోజు ముందే లేచి, వాకిలి కడిగినట్టు రెండు బకెట్ల వేడినీళ్లు సైడ్‌వాక్ మీద గుమ్మరించాను. మంచు కరిగిపోయింది. మురిసిపోతూ లోపలికెళ్లి కాసేపటికి తిరిగొస్తే, ఆ నీళ్లు అద్దంలా గడ్డకట్టి ఉన్నాయి. ఆయన అప్పటికే వంగి దానిమీద ఉప్పు చల్లుతున్నారు.

"మొదటి ఏడాది నేనూ ఇదే చేశానండీ. ఎవరితోనూ అనకండి, నేనూ అనను," అన్నారు.

నిజంగానే ఆయన ఎవరికీ చెప్పలేదు. అది మరీ భరించలేకపోయాను.

మరుసటి ఏడాది ఆయన ఇల్లు అమ్మేసి, మంచు పడని ఫ్రీమాంట్‌కి, కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. ఆ చలికాలం మొదటి మంచుకి నేనే హద్దు దాటి, కొత్తగా వచ్చినవాళ్ల వైపు ఒక పార వెడల్పు తీశాను. మా ఆవిడ స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చి, "అచ్చం డాక్టరు గారిలా చేశారండీ!" అంది.

గ్లాసు ఆవిడ చేతికే తిరిగిచ్చి, పారని రెండుసార్లు నేలకేసి కొట్టి లోపలికి వెళ్లాను.