జిల్లా అనుకున్న మండలం

2019 జూలై. అమీర్‌పేటలో మా అనువాదాల ఆఫీసు రెండో అంతస్తులో ఉండేది. కింద కోచింగ్ సెంటర్, పైన హాస్టల్, మధ్యలో నేనూ నా రష్యన్ నిఘంటువులూ. రష్యాలో మెడిసిన్ చదివొచ్చిన పిల్లల సర్టిఫికెట్లే ఎక్కువగా వచ్చేవి. పదహారేళ్లుగా అదే పని. రష్యన్ డాక్టర్ల చేతిరాత చదవడంలో ఈ ఊళ్లో నన్ను మించినవాళ్లు లేరని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆ రోజు పదిన్నరకు నస్రీన్ వచ్చింది. బోరబండలో బట్టలు కుడుతుంది. పంజాగుట్టలో ఎవరో ట్రావెల్స్ వాళ్లు నా పేరు చెప్పారట. ఆమె భర్త యాకూబ్ రష్యాలో కోళ్ల ఫారం షెడ్లు కట్టే పనికి వెళ్లి ఏడాదైంది. ముందురోజు షెడ్డు మీద నుంచి పడి కాలు విరిగింది, ఫోన్ పగిలింది. తోటి పనివాడు ఆసుపత్రి చీటీ ఫొటో తీసి పంపాడు గానీ, ఆ తరువాత అతని ఫోనూ కలవలేదు.

"మేడమ్, ఆయనకు పెన్సిలిన్ సూది పడదు. పెండ్లైన కొత్తల ఇస్తే గొంతు వాచి, ఊపిరాడక, చావు దాక పోయిండు. ఆయనకేమో ఆళ్ల భాష రాదు. జర మీరు ఫోన్ చేసి చెప్పుర్రి," అంది.

ఫొటోలో చీటీ పైభాగం పడలేదు. మిగిలినదాంట్లో పెర్వొమైస్కీ రయోన్, కేంద్ర ఆసుపత్రి అని ఉంది. ఆ రోజే మధ్యాహ్నం రెండింటికి ఆపరేషన్ అని కూడా ఉంది. రయోన్‌ను ఇంగ్లిష్‌లో డిస్ట్రిక్ట్ అంటారు, అంటే జిల్లా. వేలసార్లు అలాగే రాశాను. నెట్‌లో ఆ పేరు కొట్టి, మొదట కనబడిన ఆసుపత్రికి ఫోన్ కలుపుతూనే, "దొరికిందమ్మా, ఫికర్ పడకు," అని నస్రీన్‌తో చెప్పేశాను.

"మా దగ్గర ఇండియా వాళ్లెవరూ లేరు," అని అవతలి ఆవిడ పెట్టేసింది.

మళ్లీ వెతికితే అదే పేరుతో ఆరు రయోన్‌లు తేలాయి. పెర్వొమైస్కీ అంటే మే ఒకటో తారీఖుది అని అర్థం. మనకు గాంధీనగర్ ఎలాగో వాళ్లకది అలాగ. రయోన్ ఉండేది ఒబ్లాస్త్ అనే పెద్ద ప్రాంతం కింద, మన లెక్కలో మండలంలా. మండలం అనుకుని ఉంటే "ఏ జిల్లాలోది?" అని నా అంతట నేనే అడిగేదాన్ని. జిల్లా అనుకున్నాను కాబట్టి దేశం మొత్తానికీ ఒక్కటే ఉంటుందనుకుని పప్పులో కాలేశాను. నస్రీన్ ముఖం చూడలేకపోయాను.

"ఆ జాగా గురించి ఆయన నీకేం చెప్పేవాడు? ఏదైనా సరే, చెప్పు."

"మస్తు చెప్తుండె మేడమ్. చుట్టూ అడవి, పెద్ద నది. మండల ఆఫీసులున్న ఊరు సుత పల్లెనేనట, మన ఒక్క గల్లీ అంత జనం లేరట. రంజాన్ నాడు తాతార్లని ఆడి ముసల్మాన్ల మస్జిద్‌ల నమాజ్ చదివిండు. గాడ ఒక ముసలాయన ఇంటికి తోల్కపోయి అన్నం పెట్టిండట."

"ఫోన్ ఎప్పుడు చేసేవాడు?"

"పొద్దుగాల ఆరున్నరకు. ఆడ ఎనిమిదైతదట, డ్యూటీ ఎక్కే టైం."

అంటే మనకంటే గంటన్నర ముందు! ఒక్కో రయోన్ భౌగోళిక వివరాలూ జనాభా లెక్కలూ తెరిచాను. నాలుగు మన గడియారానికి వెనక ఉన్నాయి, కొట్టేశాను. మిగిలిన రెండింటిలో ఒకదాని ఆఫీసులు పక్కనున్న పట్టణంలో ఉన్నాయి. రెండోదాని కేంద్రం నది ఒడ్డున ఒక పల్లె. జనాభా పట్టికలో తాతార్లూ ఉన్నారు. అప్పుడు తట్టింది. అక్కడి రెండు గంటలంటే మనకు పన్నెండున్నర. గోడ గడియారంలో అప్పటికే పన్నెండుంబావు.

మూడో ప్రయత్నానికి ఆ పల్లె ఆసుపత్రిలో ఓ నర్సు ఎత్తింది.

"యాకూబా? ఉన్నాడు. మీరెవరు?"

"పెన్సిలిన్ ఇవ్వకండి. పడదు. ప్రాణం పోతుంది."

అవతల ట్రే చప్పుడైంది. తరువాత, "సూది ట్రేలో పెట్టేశాను. తీసేస్తున్నాను," అంది. యాకూబ్‌కు ఒక్క నిమిషం ఫోన్ ఇమ్మని బతిమాలి, నా ఫోన్ నస్రీన్ చేతిలో పెట్టాను.

"నేనీడ ఉన్నట్టు నీకెట్ల ఎర్కైంది?" అతని గొంతు నాకూ వినబడింది.

"నువ్వే చెప్పినవ్ గదా, నది, మస్జిద్ అని. మిషన్ తొక్కుకుంట ఊ కొడుతుంటి గని, అన్ని ఇన్న," అని ఏడ్చేసింది.

ఆ తరువాత నేను రయోన్‌ను జిల్లా అని ఎన్నడూ రాయలేదు. ఒబ్లాస్త్ పేరు లేని కాగితం వస్తే, తెచ్చిన మనిషిని కూర్చోబెట్టి మాట్లాడించందే పని మొదలుపెట్టను. నా పనితనం మీద నమ్మకం నాకిప్పటికీ ఉంది. కానీ నేను పదహారేళ్లు చదివిన రయోన్ అనే ఆ మాటను, నస్రీన్ తన మొగుడి మాటలు విన్నట్టు ఒక్కసారీ వినలేదు.