పసుపు కుంకుమలతో పంపిన నీళ్లు

హొసకోట బస్టాండు పక్కనున్న హోటల్లో ఎవరినైనా అడగండి. ఆ వానల్లో సోలార్ కంచెను ఉత్త చేతులతో చించి, నడుం లోతు వరదలో నిలబడి, ఒక మంద గొర్రెల్ని ఒక్కొక్కటిగా గట్టు మీదికి విసిరిన ముసలోడెవరని అడిగితే నా ఇంటికి దారి చూపిస్తారు. నా వయసు కూడా కాస్త పెంచి చెబుతారు. ఆ పెంచడం మాత్రం నా పని కాదు. మిగతాదంతా నేను పెంచిందే.

ఇప్పుడు తగ్గించుకుంటూ రావాలి. కంచెను చేతులతో చించలేదు. ఇనుప తీగల అల్లిక అది, దాన్ని చేతులతో చించేవాడు మా తాలూకాలో ఇంకా పుట్టలేదు. స్తంభాలకు కట్టిన కట్లను కొడవలితో కోశారు. ఆ కొడవలి నాది కాదు. కోసింది కూడా నేను కాదు. నీళ్లు నడుం లోతున ఉన్నది నిజమే కానీ ఆ నడుం వేరేవాళ్లది. నేను పోయేసరికి మోకాళ్ల దాకా దిగాయి. ఇంత తగ్గించాక కథలో మిగిలేవి గొర్రెలు. ఆ గొర్రెలు నా చెల్లెలివి.

మాది క్యాతగానచెర్లుకు దగ్గర్లో ఒక చిన్న ఊరు. తాతల కాలంలో మందలు తోలుకుని తిరిగినవాళ్లం. ఆ తర్వాత చెనిక్కాయ విత్తి మబ్బు కోసం చూసినవాళ్లం. సోలార్ కంపెనీ ప్యానెళ్ల కోసం భూములు బాడుగకు తీసుకున్నాక ఆ చూడడం కూడా మానేశాం. వాన కురిసినా కురవకపోయినా భూమికి బాడుగ వస్తుంది. మా నాయన భూమి నా పేరు మీదికి మారింది కాబట్టి బాడుగ నాకే వస్తుంది. మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన నా చెల్లెలికి భూమి లేదు, గొర్రెలున్నాయి. తిండి, బట్ట, జ్వరమొస్తే మందు, అన్నీ వాటి మీదే. నీది కదిలే ఆస్తి, నాది కదలని ఆస్తి అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆమె నవ్వేది కాదు.

ప్యానెళ్లు పరిచాక గొర్రెల్ని నిలిపే జాగా లేకుండా పోయింది. ఊరి పక్కన రెండు కంచెల మధ్య వంక ఒక్కటే మిగిలింది. చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు పోయే దారి అది. కానీ మా చెరువు నిండడం ఈ కాలపు వాళ్లెవరూ చూడలేదు. వంకలో కంపచెట్లు మొలిచాయి. పిల్లలు క్రికెట్ ఆడుకున్నారు. ఇక్కడ గాలి కొట్టదు, రెండు పక్కలా కంచె ఉంది, తోడేలు భయం కూడా లేదు, రొప్పం ఇక్కడే వేసుకో అని చెల్లెలికి చూపించింది నేనే. రొప్పమంటే ముళ్లకంపతో కట్టే గొర్రెల దొడ్డి. ఆమె ఆ వంకను పైకీ కిందికీ చాలాసేపు చూసింది. చూసి, అన్న మాట కదా అని కట్టుకుంది.

ఆ ఏడు వాన మొదట మర్యాదగానే వచ్చింది. వచ్చాక పోవడం మరిచిపోయింది. పెరికి కుప్ప వేసిన చెనిక్కాయ కుప్పలోనే మొలకెత్తింది. మట్టి మిద్దెలు కూలాయి. మిద్దెలు కూలినవాళ్లు గిన్నెలు, పరుపులు మోసుకుని బడిలో చేరారు. మంగళవాడ వైపు రోడ్డు తెగి బస్సు ఆగిపోయింది. ప్యానెళ్లు కడిగే కూలీలకు పని లేకుండా పోయింది, వానే వాటిని రోజంతా కడుగుతోంది. ఇంత జరుగుతున్నా, చెప్పడానికి సిగ్గేస్తుంది, మాకు లోపల సంబరంగా ఉంది. చెరువు నిండుతోంది. నీళ్లంటే పారిపోవాలని మాకు నేర్పినవాళ్లు లేరు. ఎదురు పోవాలనే నేర్పారు.

చెరువు నిండి పొర్లే రాతికట్టను మేం మరవ అంటాం. మరవ పారిన రోజు ఊరంతా డప్పులతో పోయి గంగమ్మకు పసుపు, కుంకుమ, చీర, పూలు నీళ్లలో వదలాలి. మొదటి టెంకాయ కొట్టేవాడు అంతకు ముందు మరవ పారడం కళ్లారా చూసినవాడై ఉండాలి. అలాంటివాడు ఊళ్లో ఎవరున్నారని పెద్దలు అడిగినప్పుడు నేను చెయ్యెత్తాను. చిన్నప్పుడు ఆ నీళ్లలో ఈదానని, పంచె పరిచి చేపలు పట్టానని కూడా చెప్పాను. నిజానికి అది పారిన ఏడు నేను మడకశిర హాస్టల్లో ఉన్నాను. పారిందని మా నాయన చెబితే విన్నాను, అంతే. కాదనడానికి నాకంటే పెద్దవాళ్లు ఎవరూ మిగల్లేదు.

ఆ పొద్దున నేను ఇస్త్రీ పంచె కట్టుకుంటుంటే చెల్లెలు వచ్చింది. తలమీద గోనెసంచి కప్పుకుంది, కాళ్లకు బురద. గడప లోపలికి రాలేదు.

"అన్నా, గొర్రెల్ని గుట్ట మీదికి తోలాల. నాకొక్కదానికి కాదు. నువ్వు ముందర పొట్టేలిని పట్టుకో, నేను ఎనక అదిలిస్తా."

గొర్రెల సంగతి నాకు చెప్పనక్కర్లేదు. గొర్రె తనంతట తాను నీళ్లలో కాలు పెట్టదు. ముందు పొట్టేలిని పట్టుకుని ఒకరు నడవాలి, వెనక నుంచి ఒకరు తోలాలి. అప్పుడు మంద మొత్తం దాని తోక చూసుకుంటూ వస్తుంది. ఇది ఇద్దరి పని. వంకకు రెండు పక్కలా కంచె కాబట్టి బయటికి వచ్చే దారి కూడా ఎగువనే, మరవ వైపే ఉంది.

"వస్తాలేమ్మే, టెంకాయ కొట్టి అట్లే వచ్చేస్తా. నువ్వు పోతా ఉండు," అన్నాను.

"టెంకాయ ఎవరన్నా కొడతారు గదన్నా."

"ఎవరన్నా కొట్టేది కాదు అది."

ఆమె వెళ్లిపోయింది.

మరవ దగ్గర జాతరలా ఉంది. పంచాయతీ వాళ్లు మైకులో దూరంగా ఉండండని అరుస్తున్నారు. అరుస్తూనే వాళ్లూ ఫోన్లలో వీడియో తీసుకుంటున్నారు. రాళ్ల మీద నుంచి నీళ్లు చీలమండ లోతున, అద్దంలా జారుతున్నాయి. నేను టెంకాయ కొట్టాను. ఆడవాళ్లు పసుపు కుంకుమ చల్లారు, చీర వదిలారు, గంపల కొద్దీ చామంతులు వదిలారు. పక్కవాళ్ల కళ్లలో నీళ్లు చూసి నేనూ కళ్లు తుడుచుకున్నాను. నా ఈత కథ ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాను. ఈసారి చేపల్ని కాస్త పెద్దవి చేశాను. ఆ నడుమ చెల్లెలు కట్ట కిందికి వచ్చి నన్ను పిలిచిందట. డప్పుల మోతలో నాకు వినపడలేదు.

అప్పుడే పైనున్న కుంట తెగింది. చెరువులోకి ఒక్కసారిగా నీళ్లు వచ్చి పడ్డాయి. జారుతున్న మరవ దూకడం మొదలుపెట్టింది. జనం వెనక్కి జరిగి ఈలలు వేశారు. ఆ నీళ్లు ఎక్కడికి పోతాయని ఒక్కరూ ఆలోచించలేదు. మేం పసుపు కుంకుమలతో సాగనంపిన నీళ్లు నా చెల్లెలి రొప్పంలోకే పోయాయి. నాకది తట్టేసరికి టెంకాయ చిప్పలో ఉన్న కొబ్బరి సగం తినేశాను.

పరిగెత్తాను అని రాయాలనుంది. ఆ బురదలో ఈ వయసులో పరిగెత్తలేదు. నడిచాను. పోయేసరికి చెల్లెలు, సోలార్ గేటు దగ్గర కావలి ఉండే మనిషి నీళ్లలో నిలబడి కంచె కట్లు కోస్తున్నారు. గొర్రెలన్నీ దిగువ మలుపులో కంచెకు అతుక్కుపోయి ఉన్నాయి. ఉన్ని మీద చామంతి పూలు. కొన్ని గొర్రెల చెవుల వెనక, ఎవరో పనిగట్టుకుని పెట్టినట్టు ఉన్నాయి. కోసిన సందులోంచి కొన్ని గొర్రెపిల్లల్ని వాళ్లిద్దరూ బతికుండగా బయటికి లాగారు. నేను లాగిన గొర్రె కూడా ఒకటుంది. అది పొట్టేలు. నేను లాగేటప్పటికే చచ్చిపోయింది.

అబద్ధం ఆ సాయంత్రమే మొదలైంది. బడిలో అందరికీ అన్నం పెడుతున్నారు. నా తడిసిన పంచె చూసి ఎవరో ఏమైంది తాతా అని అడిగారు. గొర్రెల్ని లాగానన్నాను. గొర్రెను అనాల్సింది, గొర్రెల్ని అన్నాను. వాళ్లు కళ్లు పెద్దవి చేశారు, నేను ఆగలేకపోయాను. మరునాడు పావగడ నుంచి మైకు పట్టుకుని వచ్చిన ఒకతనికి కంచె కూడా మాటల్లోనే చించి చూపించాను. చెల్లెలు అక్కడే విస్తరాకు ముందు కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు, కాదని కూడా అనలేదు. అది నాకు అనుమతి అనుకున్నాను.

మిగిలిన గొర్రెపిల్లల్ని ఆమె వారం తిరక్కుండా అమ్మేసింది. ఇప్పుడు రోజూ ప్యానెళ్ల కింద గడ్డి కోసే పనికి పోతుంది. ఒకప్పుడు మా చెనిక్కాయ చేను అది. కోసిన గడ్డిని అక్కడే ఒక మూల పారబోసి వస్తుంది. ఇంటికి తెచ్చుకున్నా తినేవి లేవు.

ఈ మధ్య హొసకోట హోటల్లో ఒకాయన, నేనెవరో తెలియక, నా కథ నాకే చెప్పాడు. ఆయన లెక్కలో బతికి బయటపడిన గొర్రెలు మా చెల్లెలు జన్మలో ఎన్నడూ చూడనన్ని ఉన్నాయి. మరి ఆ ఆడమనిషి అదృష్టవంతురాలప్పా, అట్లాంటి అన్న ఎవరికుంటాడు అన్నాడాయన. టీ గ్లాసు కింద పెట్టి బయటికి వచ్చేశాను. బస్సు వచ్చినా ఎక్కలేకపోయాను, అందులో ఎక్కితే ఊరొస్తుంది.

అందుకే ఇది రాశాను. రాసి, చెల్లెలు పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని గడప మీద కూర్చున్నాక, చదివి వినిపించాను. ఆమె నాలా మడకశిరలో కాక ఊరి కన్నడం బడిలో చదివింది, తెలుగు రాత చదవడం రాదు. టెంకాయ దగ్గర, చచ్చిన పొట్టేలి దగ్గర ఆగి కళ్లు తుడుచుకున్నాను. ఆమె మాత్రం చేతిలో గుచ్చుకున్న ముల్లు తీసుకుంటూ వింది. అంతా అయ్యాక, డప్పుల దగ్గర ఏం రాసినావో అది మళ్లీ చదువు అంది. డప్పుల మోతలో నాకు వినపడలేదు అన్న మాట మళ్లీ చదివాను.

"వినపడింది," అంది. "తిరిగి చూసినావు గదా. చూసి, వస్తా ఉండు అని చెయ్యి ఊపినావు. ఆ చెయ్యి చూసే నేను నీకోసరం నిలబడుకోనుంటిని. నువ్వు ఊపకుంటే పొట్టేలిని నేనొక్కదాన్నే ఈడ్చుకోని పోయుందును. అది రాయి."