పిట్ట ముంగిట తొమ్మిది మొక్కలు

మా వెల్మినా అక్కకి కోపమెక్కువని ఊరంతా అంటారు. పచ్చి అబద్ధం. కోపమెక్కువ నాకు. ఇప్పుడు కూడా, ఇది చెప్పడానికి కూర్చుంటేనే ఒళ్ళు మండుతోంది. ఎవరి మీద అని అడక్కండి, చివరికి మీకే తెలుస్తుంది.

అక్క నాకన్నా పన్నెండేళ్ళు పెద్దది. మా రాజా అంపాట్ దీవులకి వచ్చేవాళ్ళలో సగంమంది సముద్రం అడుగున చేపల్ని చూడ్డానికి వస్తారు, మిగతావాళ్ళు మా వైగెయో దీవి కొండల్లో స్వర్గపిట్ట కోసం వస్తారు. ఆ రెండో రకంవాళ్ళు మా అక్క ఇంట్లో దిగుతారు. ఒడ్డున తాటాకు గదులు మూడు, వంటకి ఒక పాక, అంతే ఆమె ఆస్తి. నేను పడవ నడుపుతాను.

మా నాన్న హాబెల్ ఆ పిట్టల్ని బాణాలతో కొట్టి తోళ్ళు అమ్మేవాడు. చచ్చిన పిట్టల్ని ఆకులో చుట్టి కిందికి మోసుకురావడం చిన్నప్పుడు అక్క పని. పదకొండో ఏట ఒక రోజు ఆకుల మూట తెచ్చి నాన్న కాళ్ళ దగ్గర పడేసి, "ఇది ఇంకా వెచ్చగానే ఉంది, నేను మొయ్యను" అన్నదట. నాన్న కొట్టాడు. అయినా మొయ్యలేదు. నాన్న పోయాక అక్క మా వంశంవాళ్ళ కొండ మీద తిరిగి తిరిగి ఒక మగపిట్ట ముంగిలి కనిపెట్టింది. గుప్పెడంత పిట్ట, నీలం బోడితల, వీపు ఎర్రన, తోక చివర రెండు మెలికలు. అడవి నేల మీద మంచమంత జాగా ఎంచుకుని రోజూ ముక్కుతో ఆకులు ఏరి పారేస్తాడు, పుల్ల కూడా ఉండనివ్వడు. ఆడపిట్ట వచ్చి చూసి మెచ్చాలి కదా మరి. పదకొండేళ్ళుగా అక్క చీకటితోనే లేచి ఆ కొండెక్కుతోంది. అతిథులున్నా ఎక్కుతుంది, లేకపోయినా ఎక్కుతుంది. "వాడు లేచాడో లేదో చూడొద్దూ?" అంటుంది, పక్కింటి ముసలాయన సంగతి చెప్తున్నట్టు.

పోయిన ఏడు జకార్తా నుంచి హెర్మావాన్ అని ఒకాయన తగిలాడు. ప్రకృతి ప్రేమికుల్ని యాత్రలకి తిప్పడం ఆయన వృత్తి. ఎనిమిదిమందిని తెస్తానన్నాడు. అక్క సంబరపడి నూడుల్స్ అట్టపెట్టె చింపి దాని వెనక ప్రణాళిక రాసింది. మొదటి రోజు తిండి, నిద్ర. రెండో రోజు నుంచి ఉదయానికి ఇద్దరు చొప్పున కొండ మీదికి. మధ్యలో ఆదివారం చర్చి, పిట్టకి కూడా సెలవు. దాన్ని ఫొటో తీసి, పిట్ట ఫొటోతో పాటు పంపింది. మా ఊళ్ళో ఫోను పలికేది పడవల రేవు చివర, మూడో స్తంభం పక్కన నిలబడితేనే. అక్కడ నిలబడి ఆయన పంపిన నలభై మూడు సందేశాలు చదువుకుంది పాపం.

ఆయన ప్రణాళిక వేరు. ఎనిమిదిమందీ ఒకే ఉదయం పిట్టని చూసెయ్యాలి. తొమ్మిదికి సముద్రం, పన్నెండుకి ఇసకతిన్నె మీద భోజనం, మూడింటికి జలపాతం. పిట్ట ఎదురుగా "ఖాయం" అని రాశాడు. ఖాయమట! మా తాతలకే ఖాయం కాలేదు. అక్క పట్టుబట్టి ఇద్దరిద్దరికి ఒప్పించింది. అప్పుడు ఫోన్ చేశాడు. వక్క నములుతూ అక్క మాట్లాడుతుంటే నేను పక్కనే ఉన్నాను.

"అమ్మా, మావాళ్ళు కోట్లు పోసి కెమెరాలు కొన్నారు. మీరు పంపిన ఫొటోలో పిట్ట ముందు పుల్లల్లాగా మొక్కలు అడ్డమొస్తున్నాయి. కాస్త కొట్టించెయ్యండి."

"కుదరదు సారూ."

"పది నిమిషాల పనమ్మా!"

"మీ ఇంటికి గుమ్మాలెన్ని సారూ?"

"అదేంటి?"

"నేనొచ్చి అన్నీ పీకేస్తా. మీ ఫొటో శుభ్రంగా పడుతుంది."

ఫోన్ పెట్టేసి వక్క ఉమ్మి, "వీడి మొహం! పెళ్ళికొడుకు కూర్చునే పీట తీసెయ్యమంటాడు" అని తిట్టుకుంటూ పోయింది. ఆ మాట నేను విన్నాను. చెవులతోనే విన్నాను, బుర్రకి ఎక్కించుకోలేదు.

ఆయన ఊరుకుంటాడా? మర్నాడు నాకు సందేశం. "సెఫ్నాట్ గారూ" అని మొదలుపెట్టాడు. నన్ను గారూ అన్నవాడు పుట్టాక ఆయనొక్కడే. దాంతోపాటు యాత్రికులకి పంచే రంగుల కరపత్రం ఫొటో పంపాడు. అందులో ఎర్రచొక్కాలో నా ఫొటో, కింద "పక్షుల నిపుణుడు శ్రీ సెఫ్నాట్" అని అచ్చు. అక్క పేరు ఎక్కడా లేదు. అది చూసి నాకు చీము నెత్తురు ఉంటే అడిగి ఉండాల్సింది. అడగలేదు. రేవు దగ్గర్నుంచి చర్చి దాకా ఇంటింటికీ తిరిగి చూపించాను.

మా ఆవిడ ఓర్పా చూసి నవ్వింది. "నిపుణుడట! మొన్న మన కోడిపుంజు తప్పిపోతే మూడ్రోజులు వెతికావు. పొయ్యి వెనకే ఉంది."

"నువ్వోర్వలేవు" అన్నాను.

కాగితం కిందే ఆయన ఇంకో ముక్క రాశాడు. "ఆ మొక్కల సంగతి మీలాంటి అనుభవజ్ఞులే చూడాలి."

అతిథులు రావడానికి ముందు రోజు అక్క బియ్యం, కాఫీపొడి కొనడానికి వైసాయ్ బజారుకి వెళ్ళింది, మర్నాడు అతిథులతోనే కలిసి వస్తానంది. నేను కత్తి పట్టుకుని కొండెక్కాను. నా తెలివి ఏడ్చినట్టే ఉంది, అయినా చెప్తాను వినండి. ఆ మగపిట్ట వెలుగు కోసం తలపైన ఆకులు తెంపడం నేను కళ్ళారా చూశాను. వాడికి కావలసింది శుభ్రమైన జాగా, బోలెడంత వెలుగు. మరి వాడు ముక్కుతో చేసే పని నేను కత్తితో చేస్తే తప్పేముంది? చేను చదును చేసేవాడి బుద్ధి నాది. బొటనవేలంత లావున నిటారుగా ఉన్నవి తొమ్మిది మొక్కలు. తొమ్మిదీ నేలమట్టంగా కొట్టి దూరంగా పారేశాను. ముంగిలి అద్దంలాగా ఉంది. వెనక్కి నిలబడి చూసుకుని మురిసిపోయాను కూడా.

అతిథులు వచ్చారు, తిన్నారు, పడుకున్నారు. రెండో రోజు వెలుగు రాకముందే అక్క, నేను, హెర్మావాన్, ఇద్దరు యాత్రికులు కొండెక్కాం. దారిలో రాతి మీద తాతలకి వక్క, పొగాకు పెట్టి అక్క మెల్లగా ఏదో చెప్పుకుంది. ఆకుల తడిక వెనక కూర్చున్నాం. తెల్లవారింది. తడిక కంతలోంచి చూసి అక్క కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది, మొక్కలు లేవు. అతిథులు వెళ్ళాక అడుగుదామనుకుందేమో. పాక్కుంటూ వెళ్ళి ముంగిలి మధ్యలో ఒక పచ్చని ఆకు పెట్టి వచ్చింది. ఆకు కనిపిస్తే వాడు ఆగలేడు, తిట్టుకుంటూ దిగి తీసి పారేస్తాడు. పదకొండేళ్ళలో ఒక్కనాడూ ఆ ఆకు ఏడు గంటల దాకా ఉండలేదు.

ఆ రోజు ఉంది. మర్నాడూ ఉంది, దాని మీద ఇంకో నాలుగు రాలి ఉన్నాయి. మూడో ఉదయానికి ముంగిలి ఏదో, అడవి ఏదో తెలియలేదు. దూరంగా ఒక్కసారి వాడి గొంతు వినిపించింది, అంతే. యాత్రికులు మంచివాళ్ళే, నోరెత్తలేదు. హెర్మావాన్ మాత్రం దిగే దారిలో అక్కని ఆపాడు.

"పక్క ఊళ్ళో ఒకతను పిట్టని పట్టి కాలికి దారం కట్టి తెస్తాడటమ్మా. అరగంట చాలు. తర్వాత వదిలేద్దాం."

అక్క బుట్ట కింద పెట్టింది. "ఆ దారం ముందు నీ కాలికి కట్టి ముంగిట్లో నిలబెడతా. అరగంట చాలు. తర్వాత వదిలేద్దాం."

"మర్యాద, మర్యాద!"

"ఏది మర్యాద? మొక్కలు కొట్టొద్దని చెప్పానా లేదా? ఎవడిచేత కొట్టించావు?"

ఆయన నా వైపు చెయ్యి చూపించాడు. "మీ నిపుణుడే కొట్టాడమ్మా. నేను అడిగానంతే!"

అక్క నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"సెఫ్నాట్, ఆడపిట్ట వస్తే వాడు ఎక్కడ నిలబడి ఆడతాడ్రా?"

నాకు అప్పుడు వెలిగింది. ఆ నిటారు పుల్లల్ని పట్టుకునే వాడు ఆడతాడు. ఆడపిట్ట వాలేదీ వాటి మీదే. వందసార్లు చూశాను.

"వెలుగు కోసం అనుకున్నానక్కా..."

"నాన్న ఒక్కొక్క పిట్టనే చంపేవాడు. నువ్వు వాడి ఇల్లే పీకేశావు. నాతో మాట్లాడకు."

నాలుగో ఉదయం ఎవరూ కొండెక్కలేదు. అతిథులు వెళ్ళిపోయారు. ఆ ఆదివారం చర్చిలో ప్రకటనల వేళ అక్క లేచి నిలబడింది. మా సముద్రంలో చేప తగ్గితే పెద్దలు రేవు దగ్గర లేత కొబ్బరాకులు కడతారు, పాస్టరు ప్రార్థన చేస్తాడు. మళ్ళీ ప్రార్థన చేసి తెరిచేదాకా ఆ నీళ్ళలో ఎవడూ గాలం వెయ్యడు, వేస్తే దేవుడే చూసుకుంటాడు. అదంతా సముద్రానికి. అక్క తన కొండ దారికి కట్టమంది.

పాస్టరు తెల్లబోయాడు. "ఎన్నాళ్ళు వెల్మినా?"

"మొక్కలు పెరిగేదాకా."

"ఏళ్ళు పడుతుందమ్మా. మరి నీ పొయ్యి?"

"కర్రపెండలం ఉంది, చేపలున్నాయి. అడుక్కుతినన్లే."

"పరాయివాళ్ళకేనా, మనవాళ్ళకి కూడానా?"

"అందరికీ" అని ఒక్క క్షణం ఆగింది. "నాకు కూడా. వాడికి మనిషి పొడే సోకకూడదు ఇప్పుడు."

పాస్టరు అక్కడికక్కడే ప్రార్థన చేశాడు. నేను తల ఎత్తలేదు. హెర్మావాన్ మీద కోపం తెచ్చుకోవాలని ఎంత చూశానో. ఆయన అడిగాడు, నిజమే. అడగడానికి నోరు చాలు. కత్తి నాది, చెయ్యి నాది, పదకొండేళ్ళు చూసిన కళ్ళూ నావే. మా అక్క తిండి, నిద్ర, పొద్దు అన్నీ ఆ పిట్టతోనే నడిచేవని నాకు తెలుసు. తెలిసి నరికాను. నా కోపం ఎవరి మీదో ఇప్పుడు తెలిసిందిగా?

దారి మూసి ఏడు నెలలైంది. అక్క ఇప్పటికీ చీకటితోనే లేస్తుంది. ఎక్కడానికి లేదు కాబట్టి కొబ్బరాకులు కట్టిన చోటే, ఇవతల, పీట వేసుకుని కొండ వైపు చెవి పెట్టి కూర్చుంటుంది. వాడి గొంతు అంత దూరం ఎప్పుడో ఒకసారి గానీ రాదు. నాతో ఈ ఏడు నెలల్లో ఒక్క మాట లేదు. కూర వండితే ఓర్పా చేతికి ఇచ్చి పంపుతుంది, నా వైపు చూడదు.

నిన్న ఇక ఉండబట్టలేక నేను కూడా వెళ్ళాను. ఆమె వెనక కాసేపు నిలబడి, "అరిచాడా అక్కా?" అన్నాను.

"నోరు మూసుకుని కూర్చో. వినపడనివ్వు" అంది.

కూర్చున్నాను. పొద్దెక్కేదాకా ఇద్దరం విన్నాం. వాడు అరవలేదు.