జర్మనీ మామా

అరబ్బు దేశంలోని అబూ హలీఫాలో నేను ఇంటిపని చేసిన జర్మనీ ముసలామెను, అక్కడ యజమానురాలిని పిలిచే అలవాటు ప్రకారం మామా, అంటే అమ్మా, అని పిలిచేదాన్ని. ఏజెంటు తనకిచ్చిన నా పాస్‌పోర్టును మొదటిరోజే నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత కూడా తరచూ "నీ దగ్గరే ఉంది కదా?" అని అడిగేది.

"ఎందుకు మామా, ఊరికూరికే అడుగుతావు?" అన్నాను ఒకరోజు.

నవ్వుతూ చెప్పింది. ఆమె పుట్టిన తూర్పు జర్మనీలో జనం దేశం దాటకుండా సర్కారు గోడ కట్టిందట. ఇరవయ్యేళ్లప్పుడు ఆమె కారు డిక్కీలో దాక్కుని తప్పించుకుందట. ఆ గోడ కూలాకే మళ్లీ తల్లిని చూడగలిగిందట.

నిరుడు మా అమ్మ ఆసుపత్రిలో ఉందని ఫోనొచ్చింది. మామా వెంటనే టికెట్ కొని, "యల్లా, బయల్దేరు!" అంటూ విమానాశ్రయం దాకా తానే కారు నడిపింది.

రాయచోటి ఆసుపత్రిలో నన్ను చూడగానే అమ్మ లేచి కూర్చుంది. సంగతంతా విని, "ఆయమ్మకు ఓళిగలు చేసిస్తా, ఉండుమే" అంటూ మంచం దిగబోయింది.