అద్దాల బీరువాలో ఆల్టిమీటర్

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని ఏడిపించడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. పైగా ప్లేనోలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఒక తప్పుని మళ్ళీ చేసి చూపించలేకపోతే అది తప్పే కాదని వాదించే ఉద్యోగం నాది. అలాంటిదాన్ని కూర్చుని ఇది రాస్తున్నానంటే నాకే నవ్వొస్తోంది.

పోయిన వసంతంలో ఒక శనివారం మా అమ్మాయి సహస్ర మొదటిసారి ఒంటరిగా విమానం నడపబోతోంది. దానికి పదిహేడేళ్ళు. నేర్పే ఆయన పక్కన ఉండడు. ఆ సంబరానికి ముందు రోజు నుంచీ నాకు కాలు ఒకచోట నిలవలేదు.

అదొక చిన్న ఊరి ఎయిర్‌పోర్ట్. సహస్ర వంతు సాయంత్రమే అయినా నా హడావుడి పడలేక మా ఆయన పొద్దున్నే కార్ తీశారు. సహస్రని క్లాసులో దింపి, ఇద్దరం ఆ కౌంటీ చరిత్ర మ్యూజియంకి వెళ్ళాం. వెన్న చిలికే పీపాలు, పత్తి తూచే కాటాలు, ఒక గోడ నిండా కుర్రాళ్ళ ఫొటోలు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండు నుంచి వచ్చి, ఈ ఊళ్ళో విమానం నడపడం నేర్చుకున్నవాళ్ళట. ఆదివారాలు ఊళ్ళోవాళ్ళు భోజనానికి పిలిచేవాళ్ళట. అందరివీ మా సహస్ర ఈడు మొహాలే. నాకు తెగ ముద్దొచ్చారు.

సాయంత్రం సహస్ర విమానం వైపు బయల్దేరుతుంటే, నేను చుట్టూ తిరిగి పరిగెత్తి దానికి ఎదురొచ్చాను. మంచి పనికి వెళ్ళేటప్పుడు అమ్మ ఎదురు రావాలి కదా! నేర్పే ఆయన నేను దారి తప్పాననుకుని మర్యాదగా గేటు చూపించాడు. సహస్రకి తల కొట్టేసినట్టయింది.

"అమ్మా, ప్లీజ్! నువ్వు చూస్తుంటే నాకు టెన్షన్. గో టు ద మ్యూజియం!"

నాన్నని మాత్రం ఉండనిచ్చింది.

పక్కనే ఒక పాత షెడ్డులో విమానాల మ్యూజియం. గుమ్మం దగ్గర ఒక పెద్దావిడ అల్లిక పని చేసుకుంటోంది. లోపల నేనొక్కదాన్నే. అద్దాల బీరువాలో గుండ్రటి ఆల్టిమీటర్ ఒకటి ఉంది. విమానం ఎంత ఎత్తులో ఉందో చూపించే మీటర్ అది. ఇంగ్లండులోని నార్ఫోక్ నుంచి వచ్చిన ఒక కుర్రాడి విమానానిదని కింద రాశారు. ఇక్కడే దిగుతూ కూలిపోయాడట. చదవకుండా ఉండాల్సింది.

అప్పుడే బయట ఇంజను మోత పెరిగింది. ఆల్టిమీటర్‌లో ముల్లు కదిలింది.

మోతకి అదిరిందేమో అనుకున్నాను. కానీ మోత దూరమైపోయాక కూడా ముల్లు మెల్లగా పైకి పోతూనే ఉంది. వెయ్యి అడుగుల దగ్గర నిలబడింది. నిజం చెప్తున్నాను, నాకు భయం వెయ్యలేదు. నా బిడ్డ గాల్లో ఉంది, దాన్ని ఎవరో నాకు చూపిస్తున్నారు, అంతే అనిపించింది. చప్పట్లు కూడా కొట్టాను.

తర్వాత ముల్లు దిగడం మొదలైంది. సున్నాకి కాస్త పైన ఆగి వణికింది. రెండు చేతులూ అద్దానికి ఆనించి, "వద్దు తల్లీ, దిగకు! పైకి లే, పైకి లే!" అని అరిచాను.

ముల్లు లేచింది. ఆ వెంటనే షెడ్డు పైనుంచి ఇంజను మోత దూసుకుపోయింది. పెద్దావిడ వచ్చి, ఏమైనా కావాలా అని అడిగింది. ముల్లు మీంచి చూపు తిప్పకుండా, ఏమీ వద్దని చేత్తోనే సైగ చేశాను. ముల్లు మళ్ళీ నెమ్మదిగా సున్నాకి దిగేదాకా అక్కడే నిలబడి, అప్పుడు బయటికి పరిగెత్తాను.

సహస్ర క్షేమంగా దిగింది. మొదటిసారి దిగబోతుంటే రన్‌వే మీదికి జింక వచ్చిందట. నేర్పే ఆయన రేడియోలో హెచ్చరించేలోపే సహస్ర విమానాన్ని పైకి లేపేసిందట. అందరూ ఒకటే పొగడ్తలు. ఇక్కడి ఆనవాయితీ ప్రకారం దాని చొక్కా వీపు గుడ్డ కత్తిరించి పేరు రాసిచ్చారు. కొత్త చొక్కా! అయినా ఆనందంతో ఏడ్చేశాను.

తర్వాత మా ఆయన్ని మ్యూజియంకి లాక్కెళ్ళాను. పెద్దావిడ బీరువా తాళం తీసి ఆల్టిమీటర్‌ని వెనక్కి తిప్పి చూపించింది. లోపల బోలు. యంత్రం ఎప్పుడో తీసేసి, ముల్లుని జిగురుతో అంటించారట. బీరువాని తట్టాను. నేల మీద గెంతాను. ముల్లు కదిలితే ఒట్టు. కంగారులో ఏదో చూసుంటావులే అన్నారు మా ఆయన. నేనూ ఒప్పేసుకునేదాన్నే.

కానీ ఇంటికొస్తుంటే వెనక సీట్లో నా పక్కన కూర్చున్న సహస్ర పులిహోర తింటూ, నాన్నకి వినపడకుండా నా చెవిలో చెప్పింది.

"అమ్మా, నేను ఆ జింకని చూడలేదు. ఎండ కళ్ళల్లో పడింది. ల్యాండ్ చేద్దామనే అనుకున్నా. ఎందుకో సడన్‌గా పైకి వెళ్ళాలనిపించింది. డోంట్ టెల్ ఎనీవన్, ఓకే?"

నేను అరిచిన మాట దానికి ఇంతవరకూ చెప్పలేదు. దానికి తెలుగు చదవడం రాదు కాబట్టి ఇక్కడ ధైర్యంగా రాస్తున్నాను.

ఎంత ఆలోచించినా ఇది నాకు అంతు పట్టలేదు. ఆ నార్ఫోక్ కుర్రాడు మాత్రం తరచూ గుర్తొస్తాడు. అతను కిందికి దిగుతున్న ఆ క్షణంలో వాళ్ళమ్మ సముద్రానికి అవతల, ఏమీ తెలియకుండా ఇంటి పనేదో చేసుకుంటూ ఉండి ఉంటుంది. వద్దు నాన్నా, పైకి లే అని అరిచే వీలు పాపం ఆమెకి దొరకలేదు.