మావయ్య పాటను ఆపిన శుక్రవారం

మొన్న ఆదివారం విజయనగరంలో మా మనవరాలు వాళ్ల చర్చిలో కీబోర్డు వాయిస్తుంటే ముందు వరుసలో కూర్చుని విన్నాను. మొదటి చరణంలో శ్రుతి ఆడవాళ్లకు అందలేదు, గొంతులు కీచుమన్నాయి. ఆ పిల్ల ఏ కంగారూ లేకుండా ఒక మీట నొక్కి శ్రుతి దించేసింది, పాట మళ్లీ దారిలో పడింది. పక్కవాళ్లెవరూ పట్టించుకోలేదు గాని, శ్రుతి తప్పిన ఆ నాలుగు క్షణాల్లో నేను భయంతో కుర్చీ అంచు పట్టుకున్నాను. ఎనభై ఏళ్లకు దగ్గరైనా ఆ భయం నన్ను విడిచిపెట్టలేదు. అది పంతొమ్మిది వందల అరవైల చివర్లో నౌపడలో నాకు పట్టుకున్న భయం.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ట్రైనింగు ముగించి అక్కడి మిషను బడిలో టీచరుగా చేరి, మా అమ్మకు అన్నగారైన మావయ్య ఇంట్లోనే ఉండేదాన్ని. రైల్వేలో పనిచేసి రిటైరైన మావయ్య ముప్ఫై ఏళ్లుగా చర్చిలో పాట ఎత్తేవాడు. నాకు సరిగమలు నేర్పిందీ ఆయనే. పెంకుటి చర్చి కిటికీలు ఉప్పుమళ్ల వైపుకి ఉండేవి, ఆ గాలికి హార్మోనియం రీడ్లు ఇట్టే తుప్పు పట్టేవి, నెలకోసారి మూత విప్పి మెత్తటి గుడ్డతో ఒక్కొక్కదాన్నీ తుడిచేవాడు. ఆ పని చేసేటప్పుడు మా అత్తను కూడా దగ్గరకు రానిచ్చేవాడు కాదు.

మా ఇంట్లో ఏడాది పాటల్ని బట్టే నడిచేది. కోతపండుగకి వరి వెన్నులూ గుమ్మడికాయలూ ప్రభువు బల్ల ముందు పెట్టి పాడే పాటలు, తరువాత క్రిస్మస్ పాటలు, ఆ హడావుడి అయ్యాక క్రీస్తు శ్రమల్ని తలుచుకునే శ్రమకాలపు నలభై రోజుల పాటలు, మట్టలాదివారం, మంచి శుక్రవారం అని మేమనే గుడ్‌ఫ్రైడే, ఈస్టరు. ఒక పండుగ దాటగానే మావయ్య తరువాతి పండుగ పాటలకు బుధవారం సాయంత్రాలు సాధన మొదలుపెట్టేవాడు. ఆయన హార్మోనియం దగ్గర, నేను పక్కన ఆడవాళ్ల చాప అంచున కూర్చునేవాళ్లం.

నేను చేరిన ఏడాది కోతపండుగనాడు అనుకున్న శ్రుతి ఒకటైతే మావయ్య మరొకటి పట్టాడు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, పాట చాలని రెండుసార్లు చెప్పినా ఇంకో చరణం ఎత్తుకున్నాడు. పరధ్యానం అనుకున్నాను. మర్నాడు పెరట్లో రీడ్లు తుడుచుకుంటుంటే వెనకనుంచి మూడుసార్లు పిలిచాను, తిరగలేదు. ఎదురుగా వెళ్లి నిలబడగానే నవ్వి, ఏం కావాలని అడిగాడు. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకుంటున్నాడని, ఆ సంగతి ఆయనకే తెలియదని అప్పుడు అర్థమైంది. మనుషులంతా గొణుగుతున్నారని విసుక్కునేవాడు తప్ప, లోపం తన చెవుల్లో ఉందని అనుకోలేదు.

అత్తకు ముందే తెలుసు. వంటింట్లో నా చెయ్యి పట్టుకుని, "ఆయనకి సెప్పకే అమ్మీ. పాట లేపోతే ఆ మనిషి ఉండడు," అంది. అక్కడితో నా నోరు కట్టేసినట్టయింది.

ఆ రోజునుంచి నేనొక ఉపాయం కనిపెట్టాను. పుస్తకంలో పేజీ తిప్పే వంకతో చెయ్యి చాచి, పట్టవలసిన హార్మోనియం మెట్టు మీద వేలు ఆనించేదాన్ని. పాట ముగించాలంటే ఆయన మోకాలికి పుస్తకం తగిలించేదాన్ని. క్రిస్మస్ ఉదయం ఆరాధన అలాగే గట్టెక్కింది. మావయ్య ఆ పూట పొంగిపోయి, మేనకోడలు పక్కన కూర్చున్నాక పాట కుదిరిందని అందరికీ చెప్పుకున్నాడు. వాళ్లు తలలూపి మెచ్చుకున్నారు. మెచ్చుకున్న వాళ్లందరికీ సంగతి తెలుసు, నాకే సిగ్గు వేసింది. నేను మాత్రం ఏ ఆదివారమూ ప్రసంగం విన్నదాన్ని కాదు, ఎప్పుడు ఏం తప్పుతుందోనని ఆయన వేళ్లకేసే చూస్తూ కూర్చునేదాన్ని.

శ్రమకాలం మొదలయ్యాక అయ్యగారు నన్ను బడి దగ్గర కలిశారు. మంచి శుక్రవారం నరసన్నపేట నుంచీ ఇంకా చుట్టుపక్కల నుంచీ విశ్వాసులు మా చర్చికే వస్తున్నారనీ, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకూ సిలువ మీద పలికిన ఏడు మాటలకూ ఏడు పాటలు ఉంటాయనీ, ఆ ఒక్కరోజుకీ మావయ్యను కూర్చోబెట్టి నన్నే పాట ఎత్తమనీ మెత్తగానే చెప్పారు. ఆ సంగతి మావయ్యకు చెప్పే భారం మాత్రం నా మీద పెట్టారు. సరేనన్నాను. మూడుసార్లు చెప్పబోయాను. మూడోసారి మావయ్య తానే కొత్తగా కట్టిన వరుస వినిపిస్తూ, ఐదో మాటకు ఇది పాడదామని కళ్లు మూసుకున్నాడు. నేను లేచి పెరట్లోకి వెళ్లిపోయాను. శుక్రవారం రానే వచ్చింది, చెప్పలేదు.

ఆ రోజు ఎండ నిప్పులు చెరిగింది. గుమ్మాల్లో కూడా జనం. హార్మోనియం దగ్గర మావయ్యనే చూసి అయ్యగారు నాకేసి కనుబొమలు పైకెత్తారు, నేను తల దించుకున్నాను. నాలుగు పాటలు నా వేలి మీద నడిచాయి. ఐదోది 'దప్పిగొనుచున్నాను' అన్న దాహపు మాట. మావయ్య తన వరుస ఎత్తుకుని, నేను భయపడ్డట్టే కళ్లు మూసేసుకున్నాడు. ఇక నా వేలూ లేదు, పెదాలూ లేవు. రెండో చరణంలో వెనక చాపల మీద ఒక ముసలావిడ ఎండకు సొమ్మసిల్లింది. అయ్యగారు చెయ్యెత్తి పాట ఆపించి, అందరినీ మోకాళ్లూనమని చెప్పి ఆమెకోసం ప్రార్థన మొదలుపెట్టారు. జనమంతా మోకాళ్ల మీదకు వంగారు.

మావయ్య పాడుతూనే ఉన్నాడు.

పుస్తకంతో మోకాలికి తగిలించాను, పాటలో మునిగిన మనిషికి తెలియలేదు. ఆ నిశ్శబ్దంలో ఆయన గొంతు ఒక్కటే, అదీ శ్రుతికి ఎడంగా, కప్పుకి తగిలి తిరిగొస్తోంది. అయ్యగారు ప్రార్థన ఆపి నిలబడిపోయారు. బయటి ఊరివాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. అది విన్నాక నేను ఇంకేమీ ఆలోచించలేదు. చెయ్యి చాపి హార్మోనియం వెనక గాలి తిత్తి మీద అరచెయ్యి గట్టిగా అదిమాను.

మావయ్య కళ్లు తెరిచాడు. తిత్తి మీద నా చెయ్యి చూశాడు, వంగిన తలలు చూశాడు, నా ముఖం చూశాడు. తరువాత నెమ్మదిగా తానూ మోకాళ్ల మీదకు వంగాడు. ముసలావిడ తేరుకుంది, ప్రార్థన అయింది. ఆరో పాటకు హార్మోనియం నా వైపు జరిపి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. దాన్ని ముట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు. చివరి రెండు పాటలూ వట్టి గొంతుతోనే ఎత్తాను, అందరూ అందుకున్నారు.

ఈస్టరుకి మావయ్య చర్చికి రాలేదు. నాతో మాట్లాడలేదు. ఒకే కప్పు కింద ఉంటూ, ఒకే వరసలో భోంచేస్తూ, ఐదు వారాలు నా వైపు చూడలేదు. బడికి దగ్గరలో వేరే గది చూసుకుంటానని అత్తతో అన్నాను, ఆవిడ కళ్లు ఒత్తుకుందే తప్ప వద్దనలేదు. చివరికి ఒక సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి అరుగు మీద కూర్చున్న మావయ్య ఎదురుగా ఉన్న స్టూలు చూపించాడు. తనకు నా పెదాలు కనిపించేలా కూర్చున్నాను.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు.

"కోతపండుగ నుంచి, మావయ్యా."

"అందరికీ తెలుసునా?"

తలూపాను.

"నువ్వు తిత్తి నొక్కీసినందుకు కాదే నా బాధ. అన్నాళ్లూ నానేదో పాడతన్నాననుకున్నాను. మీరందరూ నన్ను మోస్తన్నారని నాకే తెల్దు. ముందే సెప్తే నాలుగ్గోడల మజ్జిన ఏడ్సుకుందును కదా."

స్టూలు దిగి ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాను. ప్రేమ అనుకుని చేసినదంతా, నిజం చెప్పే ధైర్యం లేక చేసినదేనని ఆ క్షణం తెలిసింది. మావయ్య నా తల మీద చెయ్యి వేశాడు.

"ఆదివారం నుంచి పాట నువ్వెత్తు. నాను మగోళ్లలో కూకుంటాను. పాడకుండా ఉండలేను గాని, దారి తప్పితే సెయ్యెత్తు. ఆపీస్తాను."

అన్న మాట ప్రకారమే వచ్చాడు. మగవాళ్ల చాప మీద ముందు కూర్చుని, కళ్లు తెరిచే ఉంచి పాడేవాడు. శ్రుతి పక్కకు జరిగినప్పుడు అందరిముందూ నేను చెయ్యెత్తేదాన్ని. ఆయన తల పంకించి ఊరుకుని, తాళం వేస్తూ మళ్లీ అదను చూసి అందుకునేవాడు. ఎవరూ నవ్వలేదు. బతికున్న మరో ఎనిమిదేళ్లూ అలాగే పాడాడు.

ఆ తరువాత చాలా చర్చిల్లో పాట ఎత్తాను. చాప పోయి బెంచీలు, బెంచీలు పోయి కుర్చీలు వచ్చాయి, స్పీకర్లు గోడంత ఎత్తయ్యాయి. పాట అవగానే అందరూ అందర్నీ బాగుందంటారు, నన్నూ అంటారు. ఈమధ్య నా గొంతు వణుకుతోందని నాకు అనుమానం. చుట్టూ చూస్తాను. నా తరం వాళ్లలో మిగిలినవాళ్లు తక్కువ, మిగతావాళ్లు మర్యాదస్తులు. ఎవరి చెయ్యీ లేవదు.